మూడో పేరా

రాజోలు క్యాంపు ఆఫీసులో
ఎంపీ గారి లెటర్‌హెడ్ల కట్టకి నేను కాపలా.
మూడు సింహాలు పైన, నా వేళ్ళు కింద.

అక్టోబరు వాయుగుండానికి దారి తప్పి
పల్లిపాలెం బోటొకటి
రంగం ఒడ్డున తేలింది. ఏడుగురు.

అప్పట్నించీ ఉత్తరాలు.
'తమరి దృష్టికి తేవడమైనది' అంటాం మేం.
'విషయం పరిశీలనలో ఉన్నది' అంటుంది ఎంబసీ.
ఆఖర్న ప్రతిసారీ
'మా అత్యున్నత గౌరవాన్ని మరోమారు తెలుపుకుంటూ' –
ఒక్క కామా కూడా కదలదు.

సోమవారం సోమవారం
అంతర్వేది బస్సు దిగి వస్తుంది మల్లాడి కాసులమ్మ.
కుర్చీ వేసినా నేల మీదే కూర్చుంటుంది.
"ఏం రాశారండి?"
"అత్యున్నత గౌరవం అంటున్నారమ్మా."
"ఎవరికండి?"
"ఎంపీ గారికి."
"ఆయ్."
కాసేపాగి,
"మా తాత రంగం మిల్లులో బియ్యం బస్తాలు మోశాడండి.
ఓడెక్కి ఎళ్ళాడు, ఓడెక్కి వచ్చాడు.
కాయితం అడిగినోడు లేడు."

ఆనవాళ్ళు పంపమన్నారు వాళ్ళు.
"ఎడం బొటనేలు మీద గాలం దిగిన మచ్చండి.
గంజిలో ఉప్పు లేపోతే ముట్టడు ఎదవ.
అదీ రాయండి."
మచ్చ టైపు చేశాను.
ఉప్పుకి కాలమ్ లేదు.

ఆ సాయంత్రం
ఢిల్లీ విమానానికి టైమైపోతోందని
కారు బానెట్ మీద పన్నెండు సంతకాలు పెట్టారు ఎంపీ గారు.
అందులో ఒకదాన్లో
రెండో పేరాకీ నాలుగో పేరాకీ మధ్య
నేనో మూడో పేరా దూర్చాను:
'వారిలో చిన్నవాడు, ధర్మరాజు, పదిహేడేళ్ళు,
ఉప్పు లేని గంజి తాగడని
తమరి దృష్టికి తేవడమైనది.'
ఈ సంగతి తనకి తెలుసని
ఎంపీ గారికి ఇప్పటికీ తెలీదు.

నలభై రోజులకి జవాబు.
అదే ముద్ర, అదే పరిశీలన, అదే గౌరవం.
కానీ మార్జిన్లో, పెన్సిల్‌తో,
కుడివైపు వాలిన చేతిరాత –
సెక్రటరీదో, నాలాంటి టైపిస్టుదో –
'ఉప్పు ఇస్తున్నారు.
ఇప్పుడు మా భాషలోనే అడుగుతున్నాడు.'
కింద సంతకం లేదు.

చదివి చెప్పాను.
కాసులమ్మ ఆ అక్షరాల పక్కన వేలు పెట్టింది,
మీద పెట్టలేదు, చెరిగిపోతాయని.
"ఏమంటారండి ఆళ్ళు, ఉప్పుని?"

ఫైలంతా తిరగేశాను.
నూట నాలుగు కాగితాలు.