ఆరో వేలు

బైరాగిపట్టెడలో చెంగల్రాయుడి వీడియో షాపు.
రాత్రికి నూటిరవై: కలర్ టీవీ, డెక్కు, నాలుగు సినిమాలు.
అయిదోది ఊరికే ఇచ్చినాడు,
లేబులు చించేసిన క్యాసెట్టు.
"పిల్లోళ్ళు పండుకున్నాక ఏసుకోండబ్బా."
మేం పండుకోలేదు.
ఒకే దుప్పటి,
దొరస్వామికొక చిల్లు, నాకొక చిల్లు.

పుత్తూరులో పెండ్లిళ్ళు తీసే ఆయనెవరో
మూడు రాత్రుల్లో చుట్టేసిన సినిమా అంట.
పుత్తూరు కట్టు కట్టినా అతకని కథ.
నలుగురు కాలేజీ పిల్లోళ్ళు, ఒక మామిడితోట,
ఎక్కడో కనపడకుండా కొట్టుకునే జనరేటరు,
గోనెసంచి ముసుగు, కొడవలి.
ఎందుకు చంపుతాడో
వాడికీ తెలీదు, మాకూ తెలీదు.
చెప్పు తెగి పడిన పిల్ల
లేచి, చెప్పు చేతబట్టుకుని, మళ్ళా పడింది.
నవ్వాల్సిందే.
నవ్వు రాలేదు.

కొడవలి దిగిన ప్రతిసారీ
బొమ్మ గుండెకాయ ఆకారంలో ముడుచుకుని
గిరగిరా తిరుగుతా మూలకు పోయేది.
తలంబ్రాలకు వాడే మిషను,
ఆయనకు తెలిసిన విద్య అదొకటే మరి.

నిజమైంది మాత్రం ఒకటుండింది.
తలుపు సందులోంచి లోపలికొచ్చే చెయ్యి.
చిటికెన వేలి పక్కన
చిక్కుడుగింజంత ఆరో వేలు.
అయిదు వేళ్ళూ గడియ తీస్తావుంటే
తనకేం సంబంధం లేనట్టు
అది ఊరికే ఊగేది.

వారం రోజులు తలుపు సందులో పాతగుడ్డలు కుక్కినాను.
ఎనిమిదోనాడు జొరం.
మా యమ్మకు సినిమా సంగతి తెలీదు.
తగ్గితే జుట్టిస్తానని మొక్కుకునింది,
నా జుట్టే.

కళ్యాణకట్ట. తడి బండలు.
టోకెనుతో ఇచ్చిన సగం బ్లేడు గుప్పిట్లో.
నెత్తిన నీళ్ళు చల్లి ఎవరో
"తల వంచు నాయనా" అన్నాడు.
వంచినాను.
నా వెంట్రుకలు నా ఒళ్ళోనే
తడిసిన పిల్లిపిల్లల మాదిరి పడతా వుండాయి.
అప్పుడు, చెవి వెనక,
మెత్తగా, చల్లగా, ఏ పనీ లేకుండా
ఏదో తగిలింది.

లెక్కపెట్టినాను.
మళ్ళా లెక్కపెట్టినాను.

అరవలేదు. బ్లేడు మెడమీదుంది కదా.
"మీరు... మామిడితోటలో..." అన్నాను.
చెయ్యి ఆగిపోయింది.
తర్వాత ఆయన నవ్విన నవ్వుకు
వరసలో సగం గీసిన గుండ్లన్నీ ఇటు తిరిగినాయి.
"ఒరే! నన్ను గుర్తుపట్టినోడు దొరికినాడ్రా!"

గీస్తా గీస్తా చెప్పినాడు మునికన్నయ్య.
నెత్తురంతా నన్నారి శర్బత్తు, కుంకం కలిపింది.
తెల్లారేసరికి ముసుగు నిండా చీమలు.
ఆ పిల్ల నిజంగానే పడిందంట,
మోకాలు చెక్కుకుపోతే
కొడవలి పక్కనపెట్టి తనే పసుపద్దినాడంట.
నూటాభై అన్నారు, యాభై చేతిలో పెట్టినారు.
"డబ్బుల్దేముందిలే.
మా ఆడామెకు చూపిస్తామంటే క్యాసెట్టే దొరకలే.
మొకం లేకుంటే ఏం,
చెయ్యి చూస్తే చాలు, పట్టేస్తాది."
గడ్డం పట్టుకుని నా తల అటూ ఇటూ తిప్పినాడు.
"చూసుకో, ఒక్క గాటు లేదు."

గంధం ఆరకముందే చెంగల్రాయుడి దగ్గరికి పరుగెత్తినాను.
ఆయన నా గుండును చూసి, డెక్కును తుడుస్తా,
"అదా? రేణిగుంటోళ్ళకు
చెవులు కుట్టే ఫంక్షను ఎక్కించి ఇచ్చేసినామే" అన్నాడు.

ఇన్నేళ్ళయింది.
రేణిగుంటలో ఎవరింటి బీరువాలోనో
ఆ క్యాసెట్టు ఇంకా వుంటాది.
బిడ్డ ఏడుస్తాది, మేనమామ బెల్లం పెడతాడు,
పంక్తిలో ఎవరో విస్తరి మడుస్తారు,
తెరమీద చినుకులు పడతాయి.
ఆపేయకండి.
చినుకుల వెనక కొంచెం తోట మిగిలే వుంటాది,
జనరేటరు వుంటాది,
గడియ తీసే చెయ్యి వుంటాది.

కనపడితే ఒక మాట చెప్పండి.
ఆమెకింకా చూపించలేదు.