నైట్ హాల్ట్

మాది సాలూరు. కొండ కింద పుట్టినవాణ్ణి.
నీళ్లంటే నాకు గెడ్డ,
మోకాటి లోతు, అవతలి గట్టు కనబడుతూ.
డ్యూటీ చార్టులో కళింగపట్నం పడ్డ రోజు
మా ఆవిడ రెండు దుప్పట్లు సర్దింది,
సముద్రం చల్లగా ఉంటుందేమోనని.

గార దాటేక రోడ్డు సన్నబడుతుంది.
ఆఖరి స్టేజీలో దిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో.
తరవాత ఇంక స్టేజీ లేదు, ఇసక.
ఓడలొచ్చేవట ఇక్కడికి.
ఇప్పుడు ఈ రేవులో రాత్రుళ్లు ఆగేది మేమే:
నేను, డ్రైవరు జగ్గునాయుడు, ఓ పాత పల్లెవెలుగు.

ఇంజను ఆపగానే వినిపిస్తుంది అది.
దాన్ని ఆపడానికి డ్రైవరు లేడు.
లైట్‌హౌస్ వెలుగు అద్దాల్లోంచి వచ్చి
ఖాళీ సీట్లన్నీ తడిమి పోతుంది,
టిక్కెట్టు లేనివాడి కోసం.

తెల్లారగట్ల నాలుగుంపావుకి
ముందు గంపలొస్తాయి, వాటి కింద ఆడవాళ్లు.
సూరాడ కొర్లమ్మ గంప టాపెక్కదు.
లగేజీ టిక్కెట్టు తియ్యదు.
"సేపకేటి లగేజీ? నా ఒళ్లో కూకుంటాది."
ఐసు నీళ్లు నా బూట్లలోకి కారుతూంటే
ఏడాదిగా ఇదే తగువు.
నేను నెగ్గింది లేదు.

వాయుగుండం పట్టిన రాత్రి
డిపోకి ఫోను తగల్లేదు.
సరుగుళ్లు రోడ్డుకి అడ్డంగా పడుకున్నాయి.
బస్సు ఊగుతోంది.
జగ్గునాయుడు స్టీరింగు పట్టుకుని కూచున్నాడు,
ఎటు తిప్పాలో తెలీక.

తలుపు బాదేరు.
చీకటి బైరాగి, అతని తమ్ముడు, వెనకాల సగం పేట,
భుజాల మీద మణికట్టంత లావు తాడు.
"దిగండి బావూ, బేగి దిగండి. బండిని కట్టాల."

పాత గిడ్డంగి పక్కన
మోకాటెత్తున ఓ ఇనప దిమ్మ ఉంది.
రోజూ దానిమీద కూచునే ట్రిప్పు షీటు రాసేవాణ్ణి.
ఓడల్ని కట్టేవారట దానికి.
కట్టగా చూసినవాళ్లు పేటలో ఎవరూ మిగల్లేదు.
ఆ రాత్రి టార్చి వెలుగులో నేను చూశాను:
తాడు మెడకి పడగానే
ఎప్పటి ఒరిపిడికో అరిగిన గాడిలోకి
తనంతట తనే జారి కూచుంది.

పొద్దున్నకి చక్రాలు సగందాకా ఇసక.
గిడ్డంగి రేకులు ఏటి మొగలో.
బస్సు మాత్రం ఉంది,
ముక్కు కొంచెం సముద్రం వేపు తిరిగి.
ముడి విప్పబోయి గోళ్లు విరగ్గొట్టుకున్నాను.
బైరాగి బీడీ నోట్లోంచి తియ్యకుండానే
ఒక కొస లాగేడు. అంతే.

ట్రిప్పు షీటులో
'ఆలస్యానికి కారణం' గడి దగ్గర పెన్ను ఆగింది.
వాన అని రాశాను.
అబద్ధమేం కాదు.

నాలుగో రోజుకి రోడ్డు తెరిచేరు.
వేటకి ఎవరూ పోలేదింకా.
కొర్లమ్మ గంపలో ఎప్పటివో ఎండు నెత్తళ్లు, అడుగున నాలుగు దోసిళ్లు.
అలవాటుకొద్దీ నా చెయ్యి మిషను మీదకి పోయింది.
"లగేజీ," అన్నాను.

తాడుకి చర్మం లేచిపోయిన అరిచేతులతో
గంపని ఒళ్లోకి లాక్కుంటూ
నావేపు చూడనైనా చూడకుండా అంది:
"ఆ రేతిరి మా తాడుకి
టిక్కట్టడిగినామేటి నిన్ను?"