పదకొండు చీటీలు

పసుపు ఉడుకుతున్నది.
కడాయి మీద తడి గోనెసంచి, కింద ఎండాకుల మంట.
కొమ్ము మెత్తవడేదాక ఏదన్న చెప్పరాదె అంటే
చెప్పింది లింబవ్వ,
ఆరేండ్లు ఒక ముసలామెకు బువ్వ తినిపించి
పోయిన దసరాకు కోరుట్ల బస్సు దిగిన లింబవ్వ.

జెల్డమ్మ అని పిలుద్దును నేను.
ఊరంత యూదులే. ఊరంటె ఎంత?
మన గడ్డివాములే ఎక్కువుంటయి.
రాత్రిపూట లారీల దిగిండ్రట, పదకొండు కుటుంబాలు,
ఒకల బాస ఒకలకు తెల్వదు.
తెల్లారి ఒకాయన టోపీ తీసిండు,
అందుల పదకొండు చీటీలు.
చదువురాని పోరిని పిలిచి తియ్యమన్నరు.
గా పోరి జెల్డమ్మ.
భూమి పంచిన చెయ్యి అది.
నేను గోర్లు తీసిన చెయ్యి.

ఎవల చెలక వాళ్ళది.
బోరు మాత్రం ఒక్కటే, పాలు పోసే కొట్టం ఒక్కటే,
కంచరగాడిద ఒక్కటే.
దాని వంతులు రాసిన బుక్కు ఇంక పెట్టెల ఉన్నది.
మంగళవారం కాడ అన్ని కొట్టివేతలే.
ఆ ఒక్క మంగళారానికి
అన్నదమ్ములు ఏడేండ్లు మాట్లాడుకోలేదట.
మొదటేడు ఆలుగడ్డ కుళ్ళింది.
రెండో ఏడు నీళ్ళు ఉప్పయినయి.
మూడో ఏడు నాలుగు పెండ్లిండ్లు,
నాలుగు ఫోటోలల్ల అవే బూట్లు.

ఇంటెనుక నాగజెముడు కంచె, ఊరికన్న పాతది.
ఎవలు పెట్టిండ్రమ్మా అన్న.
'మాకంటె ముందున్నోళ్ళు.'
ఏడికి పోయిండ్రు?
చెంచ పక్కకు నూకింది. ఆ పూట తినలే.
నేను మల్ల అడగలే.
మా తల్లిగారూరు డ్యాం కింద మునిగినంక
ఎండలకు నీళ్ళు గుంజితే మొండిగోడ తేలుతుండె,
మన పొయ్యి గదే అని అమ్మ వేలు చూపెడుతుండె.
ఆ పూట అమ్మకు గూడ బువ్వ దిగకపోతుండె.

తర్వాత అప్పులు.
ఒకలు తెస్తే అందరి సంతకం.
పాలకొట్టానికి తాళం వడ్డది, పిల్లలు పట్నం పోయిండ్రు,
చెలకలల్ల నా అసొంటి దూరపోళ్ళు.
కిటికీ కాడ కూసోని రోజు అడుగుతుండె ముసల్ది:
ఇయ్యాల కంచరగాడిద ఎవలది?
రోజుకో పేరు చెప్తుంటి.
పోయే ముందురోజు మాత్రం
మనదే అమ్మా, అన్న.

ఎర్రగంగు మంట ఎగదోసింది.
'మనం గూడ తొమ్మిదిమంది సంతకం పెట్టినం గదనే,
పాలిష్ డ్రమ్ము అప్పుకు?'
లింబవ్వ ఏమనలే.
గోనె లేపి కొమ్ముకు చీపురుపుల్ల గుచ్చింది.
దిగింది.

డ్రమ్ము ముందుగాల ఎవలింటికో తేలాలె.
బుచ్చవ్వ కొంగుల తొమ్మిది చీటీలున్నయి.
ఆమె మనుమరాలికి అఆలు రావు ఇంక,
గోనెల మీద పండుకున్నది,
చేతులు మోచేతులదాక పచ్చగ.
లేపుదామా అన్నది ఒకామె.
పండుకోనియ్యి, అన్నది ఇంకొకామె.
పొగ ఇటు తిరిగింది.