సైడ్ స్టాండ్

రెండువేల తొమ్మిదొందల యూరోలు.
వేద్రాన్ లెక్కపెట్టుకోలేదు,
జేబులో కుక్కుకుని బండి నా చేతికిచ్చాడు.
నిజంగానే చేతికి,
వదిలితే పడిపోతుంది.
"స్టాండ్ లేదు. బరువు తగ్గాలని
కొన్న వారమే కోసేశా."

గ్రోబ్నిక్ ట్రాక్ మీద ఏడేళ్లు
కాలు కింద పెట్టకుండా పెరిగిన బండి.
దిగగానే పట్టుకోవడానికి ఎవరో ఒకరు,
టైర్లకు చలి వెయ్యకుండా కరెంటు దుప్పట్లు.
హెడ్‌లైట్ ఉండాల్సిన చోట
నలభై ఏడు అని స్టిక్కర్.
పగలు మాత్రమే తెలిసిన ముఖం.

"ఒక్కసారే పడింది, అదీ మెల్లగా" అన్నాడు.
అమ్మేవాళ్ల బళ్లన్నీ మెల్లగానే పడతాయి.
ట్యాంకు మీద గీతను తడిమి చూశాను.
ఆ మెల్లగా
నా గోరంత లోతుంది.

ఇది గానుగెద్దు, తెలుసు నాకు.
ఎంత పరుగెత్తినా బయల్దేరిన చోటికే.
నవ్వే హక్కు నాకు లేదు.
రియెకా రేవులో పద్దెనిమిదేళ్లుగా
నలభై మీటర్ల ఎత్తున గాజుగదిలో కూర్చుని
క్రేన్ నడుపుతున్నాను,
ముందుకి, వెనక్కి, అవే పట్టాల మీద,
ఎక్కడికో వెళ్లే ఓడల్లోకి
ఎవరివో పెట్టెలు దించుతూ.

హెడ్‌లైట్ త్రియెస్తేలో దొరికింది,
ఓర్నెల్లా తుక్కు కొట్టులో. ఒక చెవి విరిగింది.
ఎవరి బండిదని అడిగాను.
ఆమె జవాబు చెప్పకుండా
పది యూరోలు తగ్గించింది.

వైరింగ్ కింది ఫ్లాటు మిల్యెంకోది.
"ఓడల్లో మైళ్లకొద్దీ కేబుల్ లాగినవాణ్ణి,
ఇదొక లెక్కా?"
లెక్కే అయింది. పదకొండు సాయంత్రాలు.
ఎడమ ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు వెలిగేది,
హారన్ నొక్కితే ఇంజను ఆగిపోయేది.
"మాట్లాడబోతే ఊపిరాగుతోంది దీనికి,"
కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి అన్నాడాయన.
పన్నెండో సాయంత్రం పనేమీ లేదు.
అయినా టార్చి పట్టుకుని వచ్చాడు.

బోల్టు బోల్టు తలకీ చిల్లు,
చిల్లులో సన్నటి ఉక్కుతీగ, ముక్కుతాడు వేసినట్టు.
అవి కత్తిరించడానికి చెయ్యి రాలేదు.
గేర్లు కూడా తలకిందులే.
అందరూ పైకెత్తే చోట ఇది కిందికి తొక్కాలి.
మార్చలేదు.
తనకొచ్చిన భాష ఒక్కటైనా ఉండనీ.

అద్దాలు బిగించిన రోజు
చాలాసేపు వాటిలోకి చూస్తూ కూర్చున్నాను.
వెనకున్నవాడి సంగతి వెనకున్నవాడిదే అనుకున్న బండికి
ఇప్పుడు వెనక
నా వంటింటి కిటికీ, ఆరేసిన ఓవరాల్స్.

తనిఖీలో మొదటిసారి తిప్పి పంపారు,
నంబర్ ప్లేటు మీది గింజంత బల్బు వెలగలేదని.
రెండోసారి, "హారన్ కొట్టమ్మా" అన్నారు.
లోయంతా దద్దరిల్లేలా అరిచిన బండి
కోడిపిల్లలా కీచుమంది.
షెడ్డంతా నవ్వింది, నేనూ నవ్వాను.
మిల్యెంకో మాత్రం నవ్వలేదు.

రేవు గేటు దగ్గర మొదటి సిగ్నల్.
ట్రాక్ మీద ఎరుపంటే
ఎవరో పడ్డారని.
ఇక్కడ ఎరుపంటే
ఒక ముసలామె ఉల్లికాడల సంచితో
రోడ్డు దాటుతోందని.
అలవాటుగా తొక్కబోయి మర్చిపోయి ఎత్తాను,
బండి దగ్గి ఆగిపోయింది.
వెనక బస్సు హారన్. ఆమె మధ్యలో నిలబడి
నాకేసి చూసి, నెమ్మదిగా రమ్మన్నట్టు
సంచి ఊపింది.

బకార్ పైన, సముద్రం కనిపించే మలుపులో ఆపాను.
స్టాండ్ వెల్డింగు నాదే, కొంచెం వంకర.
కంకర నేల. అణిగిన సార్డీన్ డబ్బా ఒకటి ఏరి
దాని కాలికింద పెట్టాను.
దిగాను.
ఎడమకి ఒరిగింది, ఇంకాస్త ఒరిగింది,
ఆగింది.
ఇంజను చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది.
కొండమీంచి బురా గాలి లేస్తోంది.
హ్యాండిల్ మీంచి
రెండు వేళ్లు ఇంకా తియ్యలేదు నేను.