మధ్యలో లంక

వెల్‌హౌస్ రోడ్డు వెడల్పు పద్నాలుగు మీటర్లు.
పచ్చ మనిషి వెలిగేది ఎనిమిది సెకన్లు.
వినిఫ్రెడ్ ఓక్స్‌కి ఎనభై మూడేళ్లు.
ఈ లెక్క ఆఫీసులో కూర్చుని వెయ్యలేదు,
ఆమె చక్రాల సంచీ నా చీలమండకి తగులుతుంటే
పక్కన నడిచి వేశాను.

ఎనిమిది అయ్యేసరికి సగంలోనే ఉన్నాం,
జానెడెత్తు కాంక్రీటు దిమ్మ మీద,
అటూ ఇటూ లారీలు ఒరుసుకుంటూ పోతుంటే.
కౌన్సిల్ కాగితాల్లో దాని పేరు ఆశ్రయం.
గోదావరి నీళ్లు తాగినదాన్ని, నాకది లంక.
గడ్డిపోచ మొలవని లంక.
"ఓసారి వానలో ఇక్కడే ఇరుక్కున్నా" అంది వినిఫ్రెడ్,
"ఎవరూ ఆపలేదు. ఒకతను మాత్రం చెయ్యూపాడు."

ఆ చలికాలం చర్చి హాల్లో మ్యాపు పరిచాం.
నాలుగు వరసలు రెండవుతాయన్నాను.
సెలూను ఇల్యాస్ లేచాడు:
"నా గిరాకీ కార్లో వస్తుంది, నడిచి రాదు."
దానికి నా దగ్గర గ్రాఫుంది.
గ్రాఫు చూస్తే ఎవరి కడుపూ నిండదు.
బాగుందంటే పచ్చ చుక్క, వద్దంటే ఎర్ర చుక్క
అంటించమన్నాం.
స్కూలు కోటు విప్పని ఒకమ్మాయి
తనకిచ్చిన చుక్కలన్నీ, పచ్చవీ ఎర్రవీ,
పద్నాలుగో నంబరు దీపస్తంభం మీదే అంటించి వెళ్లిపోయింది.
చెల్లని ఓటు కింద రాసుకున్నాను.

మార్చిలో ఫోర్‌మన్ డారెన్ ఫోన్ చేశాడు.
"పద్నాలుగు పీకుతున్నాం. దీనికి రిబ్బను కట్టుంది,
ఎండిన పూలున్నాయి. డ్రాయింగులో లేవే, ఏం చెయ్యను?"

నా డ్రాయింగులో మురుగు మూతలున్నాయి,
గ్యాసు గొట్టాలున్నాయి,
చెట్టు వేరు ఎంత లోతు దిగొచ్చో ఉంది.
రిబ్బను మీద పేరు వెలిసిపోయింది,
వయసు మాత్రం మిగిలింది: పదకొండు.
చుక్కలు గుర్తొచ్చి
చాలాసేపు ఫోన్లో ఏమీ మాట్లాడలేదు.
డారెన్ కూడా తొందరపెట్టలేదు.

ఇప్పుడు దాటాల్సింది ఏడు మీటర్లే.
ఒండ్రు మేటవేసి లంక గట్టుకి కలిసినట్టు
ఆ దిమ్మ ఉన్నచోట కాలిబాట, ఒక బెంచీ, మూడు లేత చెట్లు.
బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యం,
తిట్లు నా పేరుకే వస్తున్నాయి.
ఇల్యాస్ నాతో మాట్లాడడు,
బయట రెండు కుర్చీలు మాత్రం వేశాడు.
వినిఫ్రెడ్‌కి తొమ్మిది సెకన్లు పడుతుంది,
ఆగిన డ్రైవరుకి నడిరోడ్డులో నిలబడి చెయ్యూపితే పదకొండు.

రిబ్బను రెండో చెట్టు దగ్గరుంది.
చెట్టుకి కాదు, ఊతకర్రకి కట్టమన్నాను.
చెట్టు లావెక్కుతుంది కదా.