మధ్యలో లేని పొర

ఘాట్ రోడ్డు మలుపులో బస్సు ఆపించి
ప్రతి ఏడూ ఇదే పాఠం చెప్తాను.
కింద ఉండేది గ్రానైటు, ముసలిది.
పైన క్వార్ట్‌జైటు, దాని ముందు పసిబిడ్డ.
రెండూ కలిసే గీత మీద చెయ్యి పెట్టండి, అంటాను,
మీ చిటికెన వేలికీ ఉంగరం వేలికీ నడుమ
ఎనభై కోట్ల ఏళ్ళు లేవు.
కొట్టుకుపోయినాయో, అసలు పేరుకోనే లేదో
రాయి చెప్పదు.

పిల్లలు ఫోటోలు తీసుకుంటారు.
ఎవరిదో పులిహోర పొట్లం కోతి లాక్కుపోతుంది.
కొండ దిగే బస్సుల కిటికీల్లోంచి
గంధం పూసిన గుండ్లు మమ్మల్ని వింతగా చూస్తాయి,
ఇంత దూరమొచ్చి రాళ్ళు చూసేవాళ్ళెవరా అని.

ఈసారి ఏకొల్లు పోలేరమ్మ చెయ్యి తియ్యలేదు.
ఏర్పేడు దగ్గిర యానాది కాలనీ పిల్ల.
నాయన బావులు తవ్వేవాడు,
ఏ రాయి కింద ఊట ఉందో సుత్తి మోతని బట్టి చెప్పేవాడట.
"మేడం, లేనిదాన్ని లేదని ఎట్లా కనిపెట్నారు?"
పైనా కిందా ఉండేవి చూసి, అన్నాను.
"అట్లయితే మన డిపార్ట్‌మెంట్లో
పైనెవురు, కిందెవురుండారో చూస్తే
తెలిసిపోతాదా?"

డ్రైవరు హారన్ కొట్టినాడు.
నేను జవాబు చెప్పలేదు.
దిగేటప్పుడు చెవులు గుయ్యిమన్నాయి, ఎత్తు మారినందుకే అనుకున్నాను.

హెడ్డునై నాలుగు నెలలు. బీరువా తాళం నా సంచిలోనే ఉంటుంది.
పాత మైక్రోస్కోపు వెనక రోస్టరు రిజిస్టరు,
ఎవరూ తెరవని పుస్తకాన్ని చెదలు కూడా తెరవలేదు.
గళ్ళు. పేర్లు. పేర్లు.
ఒక గడిలో మాత్రం పేరు లేదు, వాక్యం ఉంది:
తగిన అభ్యర్థి దొరకలేదు.
మూడేళ్ళ తర్వాత అదే గడి, అదే వాక్యం.
తర్వాత ఇంకోసారి.
ఆరుసార్లు. సిరా మారింది, చేతిరాత మారింది,
వాక్యానికి గీత కూడా పడలేదు.

చివరిసారిది, కింద అయిదు సంతకాలు.
నాలుగోది నాది.

మహిళా సభ్యురాలు కావాలంటే పిలిచినారు, పోయినాను.
నా మొదటి ఫీల్డు క్యాంపులో
టెంటులో ఆడవాళ్ళకి చోటు లేదని
నన్ను వంటల లెక్క రాయడానికి కూర్చోబెట్టినవాళ్ళే
ఆ పూట "మేడం" అని కుర్చీ జరిపినారు.
ఆ కుర్చీ కుషను మెత్తగా ఉండింది, ఇప్పటికీ గుర్తే.

మాతంగి గంగులప్ప. పుంగనూరు.
థీసిస్సుని ఎరువుల సంచి కుట్టిన గుడ్డలో చుట్టి తెచ్చినాడు.
నగరి రాళ్ళలో అలల గుర్తుల గురించి
తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులో తడబడి
మళ్ళీ తెలుగులోకి రాబోతే
"ఇన్ ఇంగ్లీష్ ప్లీజ్" అన్నదెవరో చెప్పను.
ఆ గొంతు ఆడగొంతు.
ఎనిమిది నిముషాలు. అంతలో టీ వచ్చింది.

నంబరు సంపాదించి ఫోన్ చేసినాను.
కుప్పంలో గ్రానైటు పలకలకి నంబర్లు వేస్తా ఉన్నాడంట,
వెనక కోతమిషను అరుస్తోంది.
"ఇప్పుడు గుర్తొచ్చినానా మేడం" అని నవ్వినాడు,
ఆ నవ్వులో నాకోసం ఏమీ లేదు.
"నాకు వయసు దాటిపోయింది లెండి.
ఆ గడి నంబరెంతో చెప్పండి.
ఇక్కడ పాలిషింగ్‌లో ఒక పిల్ల ఉండాది, నెట్‌కి చదువుకుంటాంది.
దానికి చెప్తాను."
చెప్పినాను. రాసుకున్నాడు, పలక మీదే కాబోలు.

సాయంత్రం అందరూ పోయినాక
ఆరో వాక్యం పక్కన మార్జిన్లో రాసినాను:
అభ్యర్థి వచ్చినాడు. మేము వినలేదు.
సంతకం, తేదీ.

గుమాస్తా మునిరత్నం కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివి
"రిజిస్టర్లో ఇట్లాంటివి రాయకూడదు మేడం,
ఆడిట్ వస్తాది."

రానీ.