ఏడంగుళాలు

వాలు లెక్కలు చెప్పాల్సిన రోజది.
హాలిఫాక్స్‌లో వాలుకేం కొదవ?
కొండ మీద ఆరేసి తియ్యడం మర్చిపోయిన దుప్పటిలా ఉంటుంది ఊరు.
ఎనిమిదో తరగతి, ఇరవై ఆరుగురు,
సగం మంది కిటికీ మీద చినుకులకి పందెం కాస్తున్నారు.

నా దగ్గరో గొప్ప ఉపాయం ఉందనుకున్నాను.
రోజుకొకరు వీల్‌చెయిర్‌లో కూర్చోండి,
అప్పుడు తెలుస్తుంది కష్టమేమిటో, అన్నాను.
ఎడిత్ చెయ్యెత్తింది.
"మిస్, గంట కొట్టగానే వాళ్ళు లేచిపోతారు.
వాళ్ళకి తెలిసేది నడుంనొప్పి ఒక్కటే."
ఇంగ్లీషులోనే అంది.
నాకు తెలుగులో తగిలింది.

మరేం చేద్దామంటావు?
"టేపు తెండి."

మంగలి షాపు, నాలుగున్నర.
పోస్టాఫీసు, రెండు.
చర్చి దగ్గర లెక్కపెట్టడం మానేశాం.
లైబ్రరీకి ర్యాంపుంది, దాని మీద చెత్తడబ్బాలున్నాయి.
పాపీ అన్నీ రాస్తోంది, వానకి అంకెలు కారిపోతున్నాయి.
ఏక్రాయిడ్ గారి చిప్స్ కొట్టు
ఏడంగుళాలు.

అంగుళం ఎత్తుకి పన్నెండంగుళాల వాలు.
ఏడు పన్నెండ్లు ఎనభై నాలుగు,
నడివీధిలో ఎక్కం అప్పజెప్పారు.
అంటే ఏడడుగులు.
మా వైపు ఏడడుగులు నడిస్తే పెళ్ళే అయిపోతుంది,
ఇక్కడ చిప్స్ పొట్లానికి.
పేవ్‌మెంటు చూస్తే అయిదే.

"ఎత్తేద్దాం!" టోబాయస్ చేతులు మడిచాడు.
మంచి పిల్లాడు. ఇంకో నలుగురు ముందుకొచ్చారు.
ఎడిత్ బ్రేకులేసింది.
"నేను సోఫాని కాదు."

ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ ఏక్రాయిడ్ గారొచ్చారు.
ఆయనా చెడ్డవాడు కాదు.
రెండేళ్ళుగా శుక్రవారం శుక్రవారం
పొట్లం తనే బయటికి తెచ్చిస్తాడు,
ఎడిత్‌కి వెనిగర్ ఎక్కువ, ఉప్పు తక్కువని గుర్తుంచుకుని మరీ.
"నేనే తెచ్చిస్తున్నాగా," అన్నాడు నొచ్చుకుని.
"మెట్టు మా తాత నాటిది."

కుంటిసాకు, అనుకోబోయాను.
మాట గడపలోనే ఆగిపోయింది.
ఎన్నేళ్ళు వాడేశాను,
కుంటిసాకు, గుడ్డినమ్మకం, చెవిటివాడి ముందు శంఖం.
నా నోటి ముందూ ఓ మెట్టుందని
టేపు చేతికొచ్చేదాకా తెలీదు.

అప్పుడు జునైద్ ఏదో అడగబోయాడు.
వాడికి మొదటి అక్షరం దగ్గరే మెట్టు.
మామూలుగా మేమంతా వాడి వాక్యం పూర్తి చేసేస్తాం,
నేనూ,
ప్రేమగానే, పొట్లం బయటికి అందించినట్టు.
ఇవాళ ఎందుకో ఎవ్వరం అందించలేదు.
"లో... లో..."
బస్సు వెళ్ళింది. లోపల నూనె చిటపటలాడింది.
ఫ్రెయా కింది పెదవి పళ్ళతో గట్టిగా పట్టుకుంది.
"లో... లోపల కు-కుర్చీలెన్ని?"
"పదహారు."
"త-తన కుర్చీ తనే తెచ్చుకుంటుంది. మీకొకటి మి-మిగులుతుంది."

ఏక్రాయిడ్ గారు నవ్వలేదు. బుర్ర గోక్కున్నారు.
"లోపల వెచ్చగా ఉంటుందట కదా," అంది ఎడిత్.

ఇంతలో పక్కసందులోంచి పాపీ కేక:
"మిస్, సున్నా!"
బంగాళాదుంపల బస్తాలు ట్రాలీ మీద దొర్లించే తలుపు.
తాతగారి కాలం నుంచీ
బంగాళాదుంపలకి మెట్టు లేదు.

ఎడిత్ ఆ తలుపు వైపు చాలాసేపు చూసింది.
ఉల్లితొక్కలు, నూనెడబ్బాలు, వేలాడుతున్న బల్బు.
"ఇవాళ్టికి సరే," అంది.
"ముందు తలుపు సంగతి సోమవారం మాట్లాడదాం."
పాపీని అది కూడా రాసుకోమంది.

పదహారు కుర్చీలూ నిండిపోయాయి.
మిగిలినవాళ్ళం వానలోనే, నేనూ టోబాయస్ వాళ్ళూ.
ఏక్రాయిడ్ గారు పొట్లాలు బయటికి తెచ్చిచ్చారు,
అలవాటు కొద్దీ అన్నిట్లోనూ వెనిగర్ ఎక్కువ.
ఆవిరి పట్టిన అద్దాన్ని ఎడిత్ లోపల్నుంచి చేత్తో తుడిచి
మమ్మల్ని చూసింది.
చలికి టోబాయస్ ఓ కాలి మీంచి ఇంకో కాలికి మారుతున్నాడు.